తలరాత ఎవరు చదివారు? పుర్రె మీది గీతలు, ఆదిలాబాద్ గోండులు, సర్జన్ డ్రిల్లు

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకునేది పుర్రె గురించి. హారర్ కాదు, క్షుద్రపూజలు అసలే కాదు. కొంచెం చరిత్ర, కొంచెం అనాటమీ, కొంచెం లెక్కలు. చివరికి మన ప్రాణానికి, మన మర్యాదకి సంబంధించిన ముచ్చట.

మనోళ్లు ఏదన్నా అనుకోనిది జరిగితే "తలరాత" అంటారు కదా. ఆ మాటకి పల్లెల్లో పెద్దోళ్లు ఒక రుజువు కూడా చూపిస్తారు. పుర్రె మీద వంకర్లు తిరిగిన సన్నని గీతలు ఉంటాయి, చూస్తే మనకు రాని లిపిలో ఎవరో రాసినట్టే ఉంటది, అదే బ్రహ్మ రాత అని. కరీంనగర్‌లోనో ఆదిలాబాద్‌లోనో మెడికల్ కాలేజీలో చదివే ఫస్టియర్ స్టూడెంట్‌ని అడగండి. ఆ గీతలకి ఒక్కోదానికి ఒక్కో పేరు చెప్తారు, వైవాలో అవే అడుగుతారు కాబట్టి.

ఆ గీతలు అందరికీ ఒకే రకంగా ఉండవు. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. గత రెండు వందల ఏండ్లలో ఈ తేడాలని రెండు రకాల మనుషులు చదివారు. ఒకరు, ఏ జాతి పైన, ఏ జాతి కింద అని తేల్చడానికి చదివారు. ఇంకొకరు, బల్ల మీద పడుకున్న ఒక్క మనిషిని బతికించడానికి చదివారు. వస్తువు అదే, పుర్రె. చదివిన తీరు వేరు. ఈ రెండు కథలూ మన ఉత్తర తెలంగాణకి ఎట్ల తగులుతాయో చూద్దాం.

ముందు ఆ రాత ఏందో చూద్దాం

పెద్దవాళ్ల పుర్రెలో 22 ఎముకలు. మెదడును కప్పి ఉంచేవి 8, ముఖానివి 14. కింది దవడ తప్ప మిగతావన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఆ అతుకులనే సూచర్స్ అంటారు, తలరాత గీతలు అంటే అవే. పుట్టినప్పుడు ఇవి గట్టిగా అతుక్కుని ఉండవు. ఉంటే కాన్పు కష్టం, మెదడు పెరగడానికి చోటు కూడా ఉండదు. అందుకే పసిపిల్లల మాడు మెత్తగా కొట్టుకుంటూ ఉంటుంది. ముందు వైపు మాడు దాదాపు ఏడాదిన్నరకి పూడుతుంది.

ఇప్పుడు తేడాల సంగతి. నుదుటి ఎముక పుట్టుకతో రెండు ముక్కలు. మధ్యలో ముక్కు మొదలు నుంచి పైకి ఒక అతుకు ఉంటుంది. చాలామందికి అది చిన్నతనంలోనే మాసిపోతుంది. కొద్దిమందికి మాత్రం జీవితాంతం అట్లనే ఉండిపోతుంది. దీన్ని మెటోపిక్ సూచర్ అంటారు. నిజంగానే నొసటి గీత అన్నట్టు.

కొంతమందికి అతుకుల మధ్యలో చిన్న చిన్న అదనపు ఎముకలు వస్తాయి, గోడ రాళ్ల సందులో పెట్టిన చిప్పరాళ్ల లాగా. వీటికి వర్మియన్ ఎముకలని పేరు. 17వ శతాబ్దపు డెన్మార్క్ వైద్యుడు ఓలె వర్మ్ పేరు మీద వచ్చింది. తల వెనక పెద్ద త్రికోణం ముక్క విడిగా ఉంటే దాన్ని ఇంకా ఎముక అంటారు. దక్షిణ అమెరికాలోని పెరూ పుర్రెల్లో మొదట ఎక్కువగా గమనించారు కాబట్టి ఆ పేరు. అట్లని ఇది పెరూ వాళ్ల సొత్తేం కాదు, ప్రపంచమంతా ఉంది, మన దగ్గర కూడా ఉంది.

ఇక కణత దగ్గర నాలుగు ఎముకలు కలిసే చోటు ఒకటి ఉంది. దాని పేరు టెరియన్. అక్కడ ఎముకలు కలిసే తీరు చాలామందిలో ఇంగ్లిష్ హెచ్ అక్షరం ఆకారంలో ఉంటుంది. కొందరిలో వేరేగా కలుస్తాయి, కొందరిలో నాలుగూ ఒకే బిందువు దగ్గర కలుస్తాయి, కొందరిలో మధ్యలో విడి ఎముక ఒకటి వచ్చి కూర్చుంటుంది. 1956లో మర్ఫీ అనే పరిశోధకుడు ఆస్ట్రేలియా మూలవాసుల పుర్రెలు చూసి ఈ నాలుగు రకాలనీ విడదీశాడు. ఇప్పటికీ మన దేశంలో టెరియన్ మీద పేపర్ రాసే అనాటమీ వాళ్లు ఆ నాలుగు గదుల్లోనే లెక్క నింపుతారు.

ఈ తేడాల్లో ఏదీ రోగం కాదు. ఏదీ తెలివికి, గుణానికి సంబంధించింది కాదు. ఎత్తు పొట్టి, చెవి తమ్మె అతికి ఉండడం, వేలాడడం లాంటివే ఇవి కూడా. ఇది గుర్తు పెట్టుకోండి.

మొదటి చదువరులు: టేపు, కొలబద్ద, అంతస్తు

1840లలో స్వీడన్‌లో ఆండెర్స్ రెట్సియస్ అనే అనాటమిస్టు ఒక సులువైన లెక్క తెచ్చాడు. తల వెడల్పుని పొడవుతో భాగించి వందతో గుణించండి. 75 కంటే తక్కువ వస్తే పొడుగు తల, 80 దాటితే గుండ్రటి తల, మధ్యలో అయితే మధ్య రకం. దీన్ని సెఫాలిక్ ఇండెక్స్ అంటారు. ఒక్క నంబరు, ఎవరైనా కొలవొచ్చు. యూరప్ అంతా ఈ పిచ్చి పట్టుకుంది. నంబరు సులువు కాబట్టి అది చెప్పేది కూడా నిజమే అనుకున్నారు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నోళ్లకి ఈ జబ్బు తెలుసు. డాష్‌బోర్డ్‌లో కొలవడానికి వీలైన నంబరు పెట్టుకుని, అదే అసలు విషయం అనుకోవడం.

ఈ కొలబద్ద మన దేశానికి బ్రిటిష్ అధికారులతో వచ్చింది. హెర్బర్ట్ రిస్లీ అనే ఐసీఎస్ అధికారి 1880ల్లో బెంగాల్‌లో కులాల వారీగా ముక్కులు, తలలు కొలిపించాడు. ముక్కు ఎంత వెడల్పు ఉంటే కులం అంతస్తు అంత తక్కువ అని ఒక సూత్రం లాంటిది తయారు చేశాడు. ఆయనే 1901 జనాభా లెక్కలకి కమిషనర్. అంటే ఒక మనిషి ఊహ ప్రభుత్వ కాగితం అయిపోయింది.

దక్షిణాదిలో ఆ పని చేసింది ఎడ్గర్ థర్స్టన్. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్. మ్యూజియం చూడడానికి వచ్చిన జనాన్ని, పర్యటనల్లో కలిసిన వాళ్లని కొలిచాడు. ఈ కొలతల విద్యని పోలీసులకి కూడా నేర్పించాడు. 1909లో కె. రంగాచారితో కలిసి దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. తెలుగు కులాల తల పొడవు, వెడల్పు పట్టికలు అందులో ఇప్పటికీ చూడొచ్చు. ఆ తర్వాత 1931 జనాభా లెక్కల కోసం బి.ఎస్. గుహ దేశమంతటా కొలతలు తీసి మనల్ని ఆరు జాతులుగా విడగొట్టాడు. గ్రూప్స్‌కి, సివిల్స్‌కి ప్రిపేర్ అయిన వాళ్లకి ఇది బాగా తెలుసు. నీగ్రిటో, ప్రోటో ఆస్ట్రలాయిడ్ అని బట్టీ పట్టిన లిస్టు అదే.

ఇందులో తప్పెక్కడుందో మన ఇంట్లోనే తెలుస్తుంది. పసిబిడ్డకి లాల పోసేటప్పుడు అమ్మమ్మ ఏం చేస్తుంది? నూనె రాసి తలని అరచేతులతో మెల్లగా నొక్కుతుంది, గుండ్రంగా రావాలని. ఆవాల దిండు మీద పడుకోబెడుతుంది, వెనక వైపు చదును కాకుండా. మెత్తటి ఎముక ఎట్ల పడుకోబెడితే అట్ల ఒదుగుతుందని ఆమెకు తెలుసు. అంటే రెట్సియస్ మార్చరాదు అనుకున్న నంబరుతో మన అమ్మమ్మ ఆవాల దిండు పెట్టి ఆడుకుంటోంది. అమెరికాలో ఫ్రాంజ్ బోవస్ అనే ఆంత్రోపాలజిస్టు 1908, 1910 మధ్య దాదాపు 18 వేల మంది వలసదారులని, వాళ్ల పిల్లల్ని కొలిపించి, అమెరికాలో పుట్టిన పిల్లల తల ఆకారం తల్లిదండ్రుల కంటే కొంత మారిందని చూపించాడు. ఎంత మారింది అన్న దాని మీద ఈమధ్య కూడా వాదనలు నడిచాయి. కానీ తల ఆకారం రాతి మీద చెక్కిన జాతి ముద్ర అన్న నమ్మకం మాత్రం అప్పుడే బీటలు వారింది.

ఆదిలాబాద్‌లో ఏం జరిగింది

ఇప్పుడు మన అడవుల్లోకి పోదాం. 1940లో కుమ్రం భీం జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. జల్, జంగల్, జమీన్ అన్న పోరాటం అది. గోండులు, కోలాములు సాగు చేసుకునే భూముల్ని రిజర్వ్ ఫారెస్ట్ అని గుంజుకోవడం, పట్టాలు బయటోళ్లకి పోవడం, జంగ్లాత్ వాళ్ల వసూళ్లు, ఇవీ కారణాలు.

దీని తర్వాత నిజాం ప్రభుత్వం ఈ గిరిజనుల బాధలేందో తెలుసుకోమని ఒక మనిషిని పంపింది. ఆయన పేరు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టిన ఆస్ట్రియా ఆంత్రోపాలజిస్టు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు జర్మన్ పాస్‌పోర్టు ఉండడం వల్ల శత్రుదేశం మనిషి కింద లెక్క కట్టి, హైదరాబాద్ సంస్థానం దాటకూడదని కట్టడి చేశారు. ఆ కట్టడి వల్లనే మనకు ఆయన దొరికాడు. భార్య బెట్టి ఎలిజబెత్‌తో కలిసి ఇప్పటి కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ దగ్గరి మార్లవాయి అనే గోండు గూడెంలో ఉన్నాడు. గోండి నేర్చుకున్నాడు.

ఆయన చదువుకున్న వియన్నా కూడా ఆ కాలపు జాతి సిద్ధాంతాల ఊరే. ఆయన తొలి పుస్తకాల్లో వెడ్డాయిడ్ లాంటి మాటలు, ముఖ కవళికల వర్ణనలు కనిపిస్తాయి. కానీ ఆదిలాబాద్‌లో ఆయన సర్కారుకి చెప్పింది చూడండి. గోండుల సమస్య భూమి, అప్పు, ఫారెస్టు రూల్సు, చదువు. 1943లో మార్లవాయిలో గోండు యువకులకి టీచర్ ట్రైనింగ్ మొదలైంది. గోండిలో వాచకాలు తయారయ్యాయి. ఆదివాసులకి భూమి పట్టాలు ఇచ్చే పని నడిచింది. 1948లో వచ్చిన ఆయన పుస్తకం, ఆదిలాబాద్ రాజ్ గోండుల మీద, వాళ్ల పురాణాలు, దేవతలు, పూజలు, పద్ధతుల గురించి. గోండుల్ని అర్థం చేసుకోవడానికి ఉపయోగపడింది వాళ్లు చెప్పిన కథలే, తలకాయల కొలతలు కాదు. మార్లవాయిలో ఆ దంపతుల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, ఏటా వర్ధంతి చేస్తారు.

నేను ఈ కథ ఎందుకు తెచ్చానంటే, మన పోటీ పరీక్షల పుస్తకాల్లో గోండుల పేరు పక్కన ఇంకా "ప్రోటో ఆస్ట్రలాయిడ్, వెడల్పు ముక్కు" అని ఒక లైను ఉంటుంది. ఆ లైను చదివిన పిల్లోడే రేపు ఉట్నూరులో ఆఫీసర్‌గా వెళ్తాడు. ఆయనకి భీం ఎందుకు తిరగబడ్డాడో తెలియాలి, ముక్కు కొలత తెలిసి ఏం లాభం?

లెక్కల్ని సరిచేసిన తెలుగాయన

ఇక్కడ ఒక తెలుగాయన వస్తాడు. సి.ఆర్. రావు, కల్యంపూడి రాధాకృష్ణ రావు. 1920లో హడగలిలో పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి చేరాడు. అక్కడ గురువు మహలనోబిస్.

మహలనోబిస్ కథ కూడా పుర్రె కథే. 1920లో నాగపూర్ సైన్స్ కాంగ్రెస్‌లో జూలాజికల్ సర్వే డైరెక్టర్ అన్నండేల్ కలిసి, కలకత్తా ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలు నా దగ్గర ఉన్నాయి, లెక్క చూడమన్నాడు. రెండు గుంపులు ఒకదానికొకటి ఎంత దూరం అని ఎట్ల కొలవాలి? తల పొడవు ఒక్కటే చూస్తే తప్పు. పొడవు, వెడల్పు, ముక్కు, ఎత్తు ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఒకే గుంపులో మనిషికీ మనిషికీ మధ్య ఉండే తేడాని కూడా లెక్కలోకి తీసుకోవాలి. దాని మీద పని చేసి 1936లో ఆయన ఇచ్చిందే డి-స్క్వేర్. మెషీన్ లెర్నింగ్ చదివిన నా తోటి ఇంజనీర్లకి అది మహలనోబిస్ డిస్టెన్స్. ఫ్రాడ్ ట్రాన్సాక్షన్ పట్టుకోవడానికి, సర్వర్ తేడాగా ప్రవర్తిస్తుంటే గుర్తించడానికి ఆ ఫార్ములా వాడతాం. దాని పుట్టుక మనుషుల తలకాయల కొలతల్లో అని క్లాసులో చెప్పరు, గంతే.

1946లో సి.ఆర్. రావుని కేంబ్రిడ్జి మ్యూజియం పిలిచింది. సూడాన్‌లోని జెబెల్ మోయా అనే చోట మందుల కంపెనీ హెన్రీ వెల్‌కమ్ 1911 నుంచి 1914 దాకా తవ్వించిన పాత సమాధుల ఎముకలు అక్కడ ఉన్నాయి. చాలా పుర్రెలు విరిగిపోయి ఉన్నాయి. అవి ఎవరివి, చుట్టుపక్కల ప్రజలతో వాళ్లకి సంబంధం ఏంది అన్నది ప్రశ్న. పగలు ఎముకల పని, దాంతోపాటు ఆర్.ఎ. ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ. 1948లో డిగ్రీ వచ్చింది. అదే ఏడాది, చాలా కొలతలు కలిపి గుంపుల్ని ఎట్ల వేరు చేయాలో చెప్పే ఆయన పేపర్ వచ్చింది. జెబెల్ మోయా పుస్తకం ముఖర్జీ, ట్రెవర్‌లతో కలిసి 1955లో అచ్చయింది. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకుని, అదే ఏడాది ఆగస్టులో 102 ఏండ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

ఈ లెక్కలు జాతులు, కులాల మధ్య తేడాలే లేవని చెప్పాయా? లేదు. సగటుల్లో చిన్న చిన్న తేడాలు కనిపించాయి. 1941లో యునైటెడ్ ప్రావిన్సెస్‌లో చేసిన సర్వేని మహలనోబిస్, మజుందార్, రావు కలిసి విశ్లేషించినప్పుడు కొన్ని గుంపులు దగ్గరగా, కొన్ని దూరంగా తేలాయి. కానీ ఈ లెక్క సరిగ్గా వేస్తేనే ఇంకో సంగతి బయటపడుతుంది. ప్రతి గుంపూ ఒక చుక్క కాదు, ఒక మబ్బు. మబ్బులు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. ఒక మనిషి కొలత చూసి ఆయన ఫలానా కులం అని నమ్మకంగా చెప్పలేం, ఇక అంతస్తు చెప్పడం అనేది ఎక్కడిది? 1972లో రిచర్డ్ లెవాంటిన్ జన్యువుల్లో చూస్తే మనుషుల మధ్య తేడాల్లో దాదాపు 85 శాతం ఒకే జనసమూహం లోపలే ఉందని తేల్చాడు. 1994లో జాన్ రెలెత్‌ఫర్డ్ పుర్రె కొలతలతో చూసినా దాదాపు అదే తేలింది. తేడాల్లో అత్యధిక భాగం ఒకే ప్రాంతం మనుషుల మధ్యనే. అంటే మీకూ, మీ పక్కింటాయనకీ మధ్యన.

మరి పక్కింటాయనకీ మీకూ ఉన్న ఆ తేడా ఎవరికి పనికొస్తుంది? ఇద్దరిలో ఎవరి తల మీద కత్తి పెట్టాలో, ఎక్కడ పెట్టాలో తేల్చుకోవాల్సిన సర్జన్‌కి.

రెండో చదువరులు: కత్తి పట్టినవాళ్లు

ఈ చదువు పాతదే. సుశ్రుత సంహితలో తల అతుకుల దగ్గర సీమంతాలని ఐదు మర్మాలు చెప్పారు. కణతల దగ్గర శంఖ మర్మాలు రెండు, అక్కడ దెబ్బ తగిలితే వెంటనే ప్రాణం పోతుందన్నారు. మన ఊళ్లలో కూడా కొట్లాట అయితే "కణతకి తగలనీయకురా" అని అరుస్తారు.

ఎందుకో ఇప్పుడు తెలుసు. టెరియన్ దగ్గర ఎముక పలచన. దాని లోపలి వైపు మిడిల్ మెనింజియల్ ఆర్టరీ అనే రక్తనాళం కొమ్మ పోతుంది. బండి మీద నుంచి పడి కణత తగిలితే ఎముక చిట్లి ఆ నాళం తెగొచ్చు. ఎముకకీ మెదడు పొరకీ మధ్యన రక్తం గడ్డ కడుతుంది. దీంట్లో మోసం ఏందంటే, కొందరు పడ్డాక లేచి కూర్చుంటారు, మాట్లాడతారు, చాయ్ తాగుతారు. కొద్ది గంటల్లో నిద్రమత్తు, వాంతులు, తర్వాత కోమా. అప్పుడు పుర్రెకి చొక్కా గుండీ అంత రంధ్రం వేసి, ఎముక తెరిచి, ఆ రక్తం తీసేయాలి. టైముకి తీస్తే మనిషి నడుచుకుంటూ ఇంటికి పోతాడు. లేటయితే లేదు.

సీటీ స్కాన్ మొదటిసారి మనిషి మీద చేసింది 1971లో, లండన్‌లో. అంతకుముందు సర్జన్‌కి ఎక్స్‌రే, వేళ్లు, ఎముకల గుర్తులు, గంతే. ఎక్కడ రంధ్రం వేయాలో చెంప ఎముక నుంచి వేళ్లతో కొలుచుకునేవాళ్లు. ఇక్కడే తేడాలు ప్రాణం మీదికి తెస్తాయి. టెరియన్ మధ్యలో ఆ విడి ఎముక ఉన్నవాళ్లలో దాని ముందు అంచునే అసలు టెరియన్ అనుకుంటే, డ్రిల్లు కంటి గూటిలోకి పోవచ్చు. చెవి వెనక ఆస్టీరియన్ అని ఇంకో గుర్తు ఉంది, నక్షత్రం అని అర్థం. దాని లోపల సాధారణంగా మెదడు నుంచి రక్తం తెచ్చే పెద్ద కాలువ మలుపు తిరుగుతుంది. అందరిలో సరిగ్గా అక్కడే కాదు, కొందరిలో పైన, కొందరిలో కింద. పుస్తకంలో బొమ్మని నమ్మి డ్రిల్ చేస్తే రక్తం ఆగదు.

నొసటి గీత సంగతి చెప్పాను కదా. నేషనల్ హైవే 44 మీదో, రాజీవ్ రహదారి మీదో యాక్సిడెంట్ అయిన మనిషికి సీటీ తీస్తే నుదుటి మధ్యన నిలువు గీత కనిపించింది అనుకోండి. పుర్రె పగిలిందా, పుట్టుకతో ఉన్న అతుకా? అతుకు అయితే సరిగ్గా మధ్యన, పళ్లు పళ్లుగా, అంచులు గట్టిపడి ఉంటుంది. పగులు అయితే సాఫుగా, పదునుగా, పైన వాపుతో ఉంటుంది. ఈ తేడా తెలియకపోతే లేని పగులుకి మనిషిని అర్ధరాత్రి హైదరాబాద్ పంపిస్తారు. కరీంనగర్ నుంచి 160 కిలోమీటర్లు, ఆదిలాబాద్ నుంచి దాదాపు 300. ఉల్టా అయితే ఇంకా ఘోరం, ఉన్న పగులుని అతుకు అనుకుని ఇంటికి పంపిస్తారు.

చెవి సంగతి చూడండి. చిన్నప్పటి నుంచి చెవిలో చీము కారే పిల్లలు మన ఊళ్లలో ఎంతమందో. ముదిరితే చెవి వెనక ఎముకని తొలిచి శుభ్రం చేస్తారు, మాస్టాయిడ్ ఆపరేషన్. ఆ ఎముకలో మొఖాన్ని కదిలించే నరం ఒక ఎముక గొట్టంలో పోతుంది. కొందరిలో ఆ గొట్టానికి పుట్టుకతోనే కంత ఉంటుంది, నరం బయటికి కనిపిస్తుంది. కొందరిలో రక్తపు కాలువ ముందుకి జరిగి ఉంటుంది. అది చూసుకోకపోతే చెవి బాగుచేయబోయి మూతి వంకర పోతుంది.

ఇక ముక్కు. 2021 మే గుర్తుందా? కోవిడ్ సెకండ్ వేవ్. బ్లాక్ ఫంగస్. తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా రిపోర్టు చేయాల్సిన జబ్బుగా ప్రకటించి, హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని నోడల్ సెంటర్ చేసింది. మన జిల్లాల నుంచి కూడా పేషెంట్లు అక్కడికే. సైనస్‌లలో చచ్చిన కణజాలాన్ని ముక్కు లోంచి ఎండోస్కోప్ పెట్టి తీయాలి. పైన మెదడు, పక్కన కన్ను. 1962లో కెరోస్ అనే ఆయన ముక్కు పైకప్పు ఎంత లోతుకి దిగి ఉంటుందో మూడు రకాలుగా చెప్పాడు. 1 నుంచి 3 మిల్లీమీటర్లు, 4 నుంచి 7, 8 నుంచి 16. ఎంత లోతు ఉంటే పక్క గోడ అంత పలచన, సర్జన్ పరికరం తగిలి మెదడు నీరు ముక్కులోంచి కారే ప్రమాదం అంత ఎక్కువ. ఇంకో తేడా, హంగరీకి చెందిన ఓనోడి పేరు మీద ఉన్న గది. కొందరిలో సైనస్ గది ఒకటి వెనక్కి పెరిగి కంటి నరాన్ని ఆనుకుని ఉంటుంది. తెలియకుండా అక్కడ చెయ్యి పెడితే చూపు పోతుంది. అందుకే ముక్కు ఆపరేషన్‌కి ముందు డాక్టర్ సీటీ తీయమంటే, డబ్బుల కోసం అని వెంటనే అనుకోకండి. ఆయన మీ తలరాత చదవడానికి అడుగుతున్నాడు.

సగటు మనిషి అనేవాడు బల్ల మీదికి రాడు

ఇక్కడ రెండు చదువుల మధ్య తేడా తేటగా కనిపిస్తుంది. రిస్లీకి, థర్స్టన్‌కి కావాల్సింది గుంపు సగటు. సగటు తీసి, దాన్ని గుంపులో ప్రతి మనిషి నుదుటికీ అంటించారు. సర్జన్‌కి ఆ సగటు హెచ్చరిక మాత్రమే. వందలో తొంభై మందికి ఇట్ల ఉంటుంది అంటే, ఎదురుగా ఉన్నది ఆ మిగతా పదిలో ఒకరేమో చూసుకో అని అర్థం. ఆ మనిషి గోండు అయినా, కోలాము అయినా, కరీంనగర్ వ్యాపారి అయినా, ఆయన పుర్రెని ఆయన స్కాన్‌లోనే చదవాలి.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. మెడికల్ కాలేజీల్లో పాత పుర్రెలు చాలావరకు ఎవరివో, ఏ ఊరివో, ఏ వయసువో రాసి ఉండదు. ఒకప్పుడు కలకత్తా నుంచి ప్రపంచమంతా అస్థిపంజరాలు అమ్మేవాళ్లు. 1985లో ప్రభుత్వం ఎగుమతి ఆపేసింది. లండన్‌లో, అమెరికాలో ఎంతోమంది డాక్టర్లు పేరు తెలియని భారతీయ పేదవాళ్ల ఎముకల మీదే అనాటమీ నేర్చుకున్నారు. అట్లాంటి ఎముకలు ఎన్ని కొలిచినా, అవి ఏ ప్రాంతం మనుషులవో నమ్మకంగా చెప్పలేం.

ఇప్పుడు మన రెండు పాత జిల్లాల్లో పరిస్థితి మారింది. కరీంనగర్‌లో ప్రైవేటు కాలేజీలు, 2008 నుంచి ఆదిలాబాద్ రిమ్స్ ఉన్నాయి. 2022లో మంచిర్యాల, రామగుండం, జగిత్యాల, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. అంటే కుమ్రం భీం పేరున్న జిల్లాలోనే ఇప్పుడు పిల్లలు అనాటమీ నేర్చుకుంటున్నారు. వాళ్లకి రెండు పనులు సాధ్యం. ఒకటి, ఊరు, వయసు, ఆడ మగ తెలిసిన స్కాన్‌ల నుంచి, పేరు బయటపడకుండా, అనుమతితో, తేడాల లెక్క కట్టడం. రెండు, శరీరదానం చేసిన వాళ్ల వివరాల్ని గౌరవంగా నమోదు చేయడం. ఆ లెక్క ఎవరు పైన ఎవరు కింద అని కాకుండా, డ్రిల్లు ఎక్కడ పెట్టాలి అనే ప్రశ్నకి జవాబు కావాలి.

మీ కోసం రెండు మాటలు. బండి తీస్తే హెల్మెట్, క్లిప్పు పెట్టుకుని. తలకి దెబ్బ తగిలిన మనిషి బాగానే మాట్లాడుతున్నా సరే, ఆ రోజు ఒంటరిగా వదిలేయకండి. తలనొప్పి పెరిగినా, వాంతులైనా, మత్తుగా ఉన్నా, ఒక కంటి పాప పెద్దదిగా కనిపించినా వెంటనే సీటీ ఉన్న ఆసుపత్రికి తీసుకుపోండి. పడుకుంటే తగ్గుతుందిలే అనే మాట అక్కడ పనికిరాదు.

పుర్రె మీది గీతల్లో కులం రాసి లేదు, తెలివి రాసి లేదు, అంతస్తు రాసి లేదు. రెండు వందల ఏండ్లు వెతికినా దొరకలేదు. రాసి ఉన్నదల్లా ఒకటే. ఇది ఈ మనిషి తల, ఇంకొకరిది కాదు, చూసి ముట్టుకో అని.

మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి ఎంత దూరం? కింద రాయండి, మండలం పేరుతో. వచ్చినవన్నీ కలిపి ఒక మ్యాప్ చేద్దాం. ఉంటా మరి, జాగ్రత్త.